నేల వెచ్చదనానికి వాటర్ హీటర్ వాడి చూశాక

స్నానాల గదికి నీళ్లిచ్చే ట్యాంక్ హీటర్‌తోనే, నేల కింద వేసిన పైపుల్లో వేడి నీళ్లు తిప్పి, పక్క గది నేలను కూడా వేడి చేయిస్తున్నాను. చిన్న గదికి భేషుగ్గా సరిపోతోంది. టైల్స్ మీద వట్టి కాళ్లతో నడిస్తే కింద పైపు ఎక్కడుందో తెలియనంత సమంగా వెచ్చగా ఉంటుంది. కాకపోతే స్విచ్ వేయగానే వేడెక్కదు, గంటలు పడుతుంది.

ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా ట్యాంకులో 60 డిగ్రీలు ఉంచుతాను. నేలకు 35 నుంచి 45 చాలు, అందుకే వేడి నీళ్లలో చల్లటి నీళ్లు కలిపి వేడి తగ్గించే మిక్సింగ్ వాల్వ్ పెట్టించాను. హీట్ ఎక్స్‌ఛేంజర్ (ట్యాంకు నీళ్లూ నేల పైపుల నీళ్లూ కలవకుండా వేడిని మాత్రమే అందించే పరికరం) మాత్రం దయచేసి మానేయకండి. అది లేకపోతే వేసవంతా నేల పైపుల్లో నిలవున్న నీళ్లే కుళాయిలోకి వస్తాయి. అది మానేస్తే ఖర్చు తగ్గుతుందని ప్లంబర్ ఎంత చెప్పినా నేను ఒప్పుకోలేదు. ఇల్లంతటికీ అయితే దీన్ని నమ్ముకోవద్దు, బాయిలరే పెట్టించుకోండి.