పావు కోడె కొన్నం, కోత డేటు కోసం ఐదు నెలలు ఆగినం: 3.5 స్టార్లు

అమెరికా నెబ్రాస్కాల ఒమాహా చుట్టుపక్కల ఉండే మనోళ్లల్ల పెద్దకూర తినేటోళ్లకే ఈ రివ్యూ, మిగతావాళ్లు స్కిప్ చేయొచ్చు. షాపు పేరు రాస్తలేను, రాస్తే లైను ఇంకా పెరుగుతది, నా స్వార్థం నాది. ఇసుంటి చిన్న కోత షాపుల్ని ఇక్కడ లాకర్ అంటరు. సిటీ నుంచి గంట డ్రైవ్, ముందల ఒక కౌంటర్, ఎనుక కూలర్, దాని ఎనుక కోసే రూము, అంతే. మనం రైతు దగ్గర బతికున్న కోడెలనే పావో సగమో కొనుక్కోవాలె, రైతు దాన్ని లాకర్‌కు తీసుకొస్తడు, వీళ్లు కోసి, రెండు వారాలు కూలర్ల వేలాడదీసి, మనం రాసిచ్చినట్టు ముక్కలు కొట్టి ప్యాక్ చేసి ఇస్తరు.

జులైల రైతుకు ఫోన్ చేసిన. కోడె రెడీగనే ఉన్నది అన్నడు, నేనేమో ఇంక వచ్చే వారం ఫ్రీజర్ నిండుతదని కాస్ట్‌కోకి పోయి పెద్ద డీప్ ఫ్రీజర్ కూడా తెచ్చుకున్న, తీరా లాకరాయనకు కాల్ చేస్తే డిసెంబర్ల ఒక డేట్ ఉంది కావాలంటే నీ పేరు రాసుకుంట అన్నడు. ఐదు నెలలు! కోడె ఉంది, కొనేటోడు ఉన్నడు, కోసేటోడే దొరుకుతలేడు. రైతుకు చెప్తే నవ్విండు, 2020ల కరోనా అప్పుడు ఏడాది తర్వాతికి కూడా డేట్లు రాయించుకున్నరు, నీది నయమే పో అన్నడు. ఫ్రీజర్ల ఐదు నెలలు ఐస్‌క్రీమ్ పెట్టుకున్నం.

ఆగుడు ఎందుకో తెలుసుకుందామని కొంచెం చదివిన, అప్పుడు నాకు అసలు మతలబు అర్థమైంది. ఇక్కడికెళ్లి పడమరకు మూడు, మూడున్నర గంటలు పోతే లెక్సింగ్టన్ల టైసన్ అనే పెద్ద మాంసం కంపెనీ ప్లాంటు ఉండె, రోజుకు 5 వేల పశువుల దాకా కోసే కెపాసిటీ. మా లాకరాయన వారానికి పది కోస్తడు. అంటే ఆ ప్లాంటు ఒక్క రోజు చేసే పని ఈయనకు దగ్గర దగ్గర పదేండ్ల పని. కానీ నా ఒక్క కోడెను ఆ ప్లాంటు గేటు లోపలికి రానియ్యకపోతుండె, వాళ్లకు ఫీడ్‌లాట్ల నుంచి, అంటే దాణా పెట్టి వేలల్ల మేపే దొడ్ల నుంచి, ట్రక్కులకు ట్రక్కులు రావాల్సి ఉండె. గమ్మత్తేందంటే గా ప్లాంటును కూడా 2026 జనవరిల మూసేస్తమని టైసన్ నవంబర్ 2025ల చెప్పింది, మూసేసింది కూడా. 3,200 మంది పని చేస్తుండె అందుల, ఊరి జనాభానే 11 వేలు. ఆ ఊరి సంగతి ఆలోచిస్తే నా ఐదు నెలలు ఏం లెక్క.

మూసుడు ఎందుకంటే పశువులు లేక. కరువుల రైతులు మందలు తగ్గించుకున్నరు, 2025 జనవరి లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద 8.67 కోట్ల పశువులు, 1951 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎన్నడూ లేదు. పెద్ద ప్లాంటుకేమో కోయనీకి పశువులు చాలవు, చిన్న లాకర్‌కేమో కోసే చేతులు చాలవు, నడిమిట్ల మనం. టైసన్, జేబీఎస్, కార్గిల్, నేషనల్ బీఫ్ ఈ నాలుగే దాణా పెట్టి మేపిన పశువులల్ల 85 శాతం దాకా కోస్తయి, 1977ల టాప్ నాలుగు కంపెనీల వాటా 25 శాతమే ఉండె. ఇట్ల నాలుగు చేతులల్ల పడ్డంక ఒక్క షెడ్డుకు నిప్పంటుకున్నా దేశమంతా వేడి తగులుతది. 2019 ఆగస్టుల కాన్సస్ హోల్కమ్‌ల టైసన్ ప్లాంటు కాలింది, మొత్తం కోత కెపాసిటీల 6 శాతం అట, రైతుకిచ్చే పశువు ధర పడిపోయింది, అదే టైమ్‌ల ప్యాకర్లు, అంటే ఈ కోత కంపెనీలు, అమ్మే మాంసం ధర పెరిగింది. ఒకటే మంట, ఇద్దరికి రెండు లెక్కలు. కుమ్మక్కు ఉందా లేదా కోర్టులు చూసుకుంటయి గానీ ధరల కేసుల టైసన్, కార్గిల్ కలిసి 8.75 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకున్నయి 2025ల, తప్పు చేసినమని మాత్రం ఒప్పుకోలే.

సరే కూర సంగతికొద్దాం. పావు వాటా వేలాడే బరువు, అంటే కోసి కూలర్ల వేలాడదీసినప్పటి బరువు, 200 పౌండ్లు వచ్చింది, రైతుకు పౌండుకు 5.50, లాకర్‌కు కోసి ప్యాక్ చేసినందుకు 1.25, కోత ఫీజుల నా వాటా 30, మొత్తం 1,380 డాలర్లు. ఇంటికొచ్చింది 125 పౌండ్లు. పౌండు 11 డాలర్లు పడ్డది. కీమా కోసమే అయితే దండగ, స్టోర్ల ఆరు డాలర్లకు అటూ ఇటుగ దొరుకుతది, కానీ ఇందుల రిబై, టీ బోన్ అనే స్టేక్ ముక్కలు కూడా ఉన్నయి కాబట్టి నాకు నష్టం అనిపియ్యలే. చిక్కగ, వాసన లేకుండ ఉంది, కుక్కర్ల ఒక రెండు విజిల్స్ ఎక్కువ పెట్టాలె.

ముక్కలు ఎట్ల కొట్టాలో మనం రాసిచ్చే కాయితాన్ని కట్ షీట్ అంటరు, దాంట్ల కర్రీ కట్ అని ఉండదు, నేను పక్కన రాసిన బొక్కతోని రెండించుల ముక్కలు అని, ఆయన కాల్ చేసి స్టూ మీట్ కదా అన్నడు, కాదయ్యా బొక్క ఉండాలె అని పది నిమిషాలు చెప్పిన. మంచిగ కొట్టిండు, మూలుగ బొక్కలు చెక్కు చెదరలే, రంపం పొడి మాత్రం కడుక్కోవాలె. ఈ ఒక్క పనికే రెండు స్టార్లు.

ఒకటిన్నర స్టార్లు ఎందుకు కోసిన అంటే, కార్జం, బోటీ నాకే కావాలని ముందే చెప్పిన. బోటీ కడిగే ఏర్పాటు లేదని పారేసిండ్రు, సరే, అది మొదలే చెప్పొచ్చు కదా. కార్జమేమో ఇంకో వాటాదారుకు పోయింది. రెండు సార్లు ఫోన్ చేస్తే ఎత్తలే. కీమా ఒక్కో పౌండు ప్యాక్ చేయమంటే మూడేసి పౌండ్లు కట్టిండ్రు, ఇద్దరమే ఉండే ఇంట్ల అదొక తిప్పలు.

ప్రతి ప్యాకెట్ మీద అమ్మకానికి కాదు అని స్టాంపు ఉంటది, భయపడకుండ్రి. సర్కారు ఇన్‌స్పెక్టర్ ప్రతి పశువును చూడకుండ, ఓనర్ కోసం కోసిన మాంసం అని అర్థం. మనం తినొచ్చు, ఇంటికొచ్చిన చుట్టాలకు ఊరికే పెట్టొచ్చు, పైసలు తీసుకొని మాత్రం ఎవ్వరికీ ఇయ్యొద్దు. మా ఆదివారం బ్యాచ్‌కు ఇది చెప్పంగనే అందరూ మేం చుట్టాలమే అన్నరు.

వచ్చే సెప్టెంబర్ డేట్ ఇప్పుడే రాయించి వచ్చిన. ఈసారి కార్జం పక్కన నా పేరు ఆయన తోనే పెద్దక్షరాలతో రాయించిన.