బండల ఇంట్లో, నల్లగొండ ఎండలో కంప్యూటర్ కుర్చీ: ఏది మేలు?

మా ఇల్లు పాతది. కింద షాబాద్ బండలు. బండకూ బండకూ మధ్య సందుల్లో సిమెంటు ఎప్పుడో లేచిపోయింది. చక్రాలున్న కంప్యూటర్ కుర్చీ కొన్న మొదటి రోజు, ప్రింటర్ వైపు జరుగుదామని కాలితో ఒక్క తన్ను తన్నాను. చక్రం సందులో దిగి కుర్చీ ఆగింది, నేను ఆగలేదు. చప్పుడుకు వంటింట్లోంచి వచ్చిన మా అమ్మ, "మంచిగ మంచం మీద కూసోని చేసుకోక నీకెందుకు బిడ్డా ఈ సర్కస్" అంది.

ఆ సర్కస్ 2020లో మొదలైంది. లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్‌లో రూము ఖాళీ చేసి నల్లగొండ వచ్చేశాను. ఇప్పుడు వారానికి రెండు రోజులు బస్సెక్కి ఆఫీసుకు పోతాను, మిగతా మూడు రోజులు ఇంట్లోనే పని. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో 2023లో ఐటీ టవర్లు తెరిచారు గానీ, నాకు తెలిసినవాళ్లలో చాలామందికి ఇంటి ముందు గదే ఆఫీసు. ఇన్నేళ్లలో ఐదారు రకాల కుర్చీల మీద కూర్చున్నాను. కొన్ని నేను కొన్నవి, కొన్ని చుట్టాల ఇళ్లలోవి. ఒకటి మా బాపుది.

కుర్చీల సంగతికి ముందు టేప్ సంగతి చెప్పాలి. నేను ఈ పని చివర్లో చేశాను, అందుకే డబ్బులు దండగయ్యాయి. నేల నుంచి మోకాలి వెనక మడత వరకు నాకు పదిహేడున్నర అంగుళాలు. కూర్చున్నప్పుడు సీటు నుంచి మోచేతి వరకు ఇంకో తొమ్మిది. అంటే పాదాలు నేల మీద ఆని, మోచేయి తొంభై డిగ్రీలు వంగి, భుజాలు వదులుగా ఉండాలంటే కీబోర్డు ఇరవై ఆరున్నర అంగుళాల ఎత్తులో ఉండాలి. మా ఇంట్లో వడ్లాయన చేసిన టేబుల్ ముప్ఫై అంగుళాలు. అదేమీ వింత కొలత కాదు, షాపుల్లో దొరికే టేబుళ్లూ దాదాపు అంతే ఉంటాయి. ఆ మూడున్నర అంగుళాల తేడాను రోజంతా నా భుజాలు పైకి లేచి భరించాయి. మెడ నొప్పి కుర్చీ వల్ల అనుకుని రెండేళ్లు కుర్చీలనే తిట్టుకున్నాను.

మా ఆవిడ ఐదడుగుల ఒక అంగుళం. సాయంత్రం పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తుంది, అదే టేబుల్, అదే కుర్చీ. ఆమె లెక్క పదిహేనున్నర, ఎనిమిదిన్నర కలిపి ఇరవై నాలుగు. తేడా ఏకంగా ఆరంగుళాలు. ఆమెకు సరిపడా కుర్చీ పైకి లేపితే కాళ్లు గాల్లో వేలాడతాయి, తొడల కింద సీటు అంచు ఒత్తి పాదాలు తిమ్మిరెక్కుతాయి.

దీనికి మందు ఫర్నిచర్ షాపులో దొరకలేదు. వడ్లాయనను పిలిచి టేబుల్ కాళ్లు రెండు అంగుళాలు కోయించాను. "కొత్త టేబుల్ కొనక గిదేం కోత సారూ" అన్నాడు గానీ, అరగంటలో పని అయిపోయింది, రెండు వందలు తీసుకున్నాడు. ఇప్పుడు టేబుల్ ఇరవై ఎనిమిది. కుర్చీ సీటు పంతొమ్మిది అంగుళాల దగ్గర పెడితే ఇద్దరికీ చేతులు కుదురుతాయి. నాకు ఇంట్లో వేసుకునే చెప్పులు చాలు. ఆమె కాళ్ల కింద పాత చెక్క పీట, మా నానమ్మ కూర్చుని కూరగాయలు కోసినది. ఫుట్‌రెస్ట్ అని ఆన్‌లైన్‌లో చూసి వదిలేసిన వస్తువు కన్నా ఈ పీటే గట్టిది.

ఇక కుర్చీలు.

ప్లాస్టిక్ కుర్చీ అందరింట్లో ఉన్నదే, ఏడెనిమిది వందలకు చేతులున్నది వస్తుంది. దాన్ని తిట్టను, వాకిట్లో కూర్చుని ముచ్చట పెట్టడానికి దానంతటిది లేదు. కానీ దాని సీటు వెనక్కి వాలి ఉంటుంది. టైపు చేసేవాడు ముందుకు వంగుతాడు, వీపు ఆనుడు దగ్గరికే పోదు. ఎత్తు మారదు. రోజుకు గంటో రెండు గంటలో మెయిల్స్ చూసుకునేవాళ్లు దాని మీద ఒక గట్టి దిండు వేసుకుని డబ్బులు మిగుల్చుకోవచ్చు. ఎనిమిది గంటల పనికి మాత్రం వద్దు.

మా బాపు వైరు కుర్చీ ముచ్చట వేరు. ఇనుప పైపు ఫ్రేముకు ప్లాస్టిక్ వైరు అల్లిన ఆ కుర్చీలు మా పక్క పాత ఇళ్లలో ఇంకా కనిపిస్తాయి. మే నెలలో దానంత చల్లటి కుర్చీ ఇంట్లో ఇంకోటి లేదు, గాలి అటు నుంచి ఇటు పోతుంది. ఒక వేసవి మొత్తం దాని మీదే పని చేశాను. చిక్కేమిటంటే ఏళ్లు గడిచేకొద్దీ వైరు మధ్యలో గుంత పడుతుంది, ముందు పైపు తొడలకు కోసుకుంటుంది. పేపర్ చదవడానికి, కునుకు తీయడానికి అది రాజు.

ఊళ్లో ఫర్నిచర్ షాపుకు పోయి ఆఫీసు కుర్చీ కావాలంటే ముందు చూపించేది నల్ల రెగ్జిన్ బాస్ కుర్చీ. ఎత్తయిన వీపు, మెత్తటి చేతులు, కూర్చోగానే సర్పంచ్ అయిపోయినట్టు ఉంటుంది. షాపులో ఏసీ కింద ఐదు నిమిషాలు కూర్చుని తెచ్చుకున్నాను. ఏప్రిల్ రాగానే అసలు రంగు బయటపడింది. నల్లగొండలో ఎండాకాలం 44, 45 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. కరెంటు పోయి కూలర్ ఆగిన మధ్యాహ్నం, కాల్ ముగించి లేస్తే చొక్కా కుర్చీకి అంటుకుని చిరచిరమని ఊడివచ్చింది. రెండేళ్లకు పైతోలు పొరలు పొరలుగా లేచింది. అది తోలు కాదు, గుడ్డ మీద పూసిన పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ పొర. వేడికి, చెమటకు, గాల్లో తేమకు అది మెల్లమెల్లగా విరిగిపోతుంది. ఎంత తుడిచినా ఆగదు. ఇంకో లోపం, దాని సీటు లోతు. వీపు ఆనిస్తే సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. మా ఆవిడ కూర్చుంటే ఒక్క వేలూ పట్టలేదు. అందుకని ఆమె ముందుకు జరిగి, ఆనుడు లేకుండా స్టూలు మీద కూర్చున్నట్టే కూర్చునేది. ఐదున్నర అడుగుల లోపు వాళ్లు ఈ కుర్చీ ముఖం చూడకపోవడం మంచిది.

గేమింగ్ కుర్చీ మహబూబ్‌నగర్‌లో మా బామ్మర్ది దగ్గర ఉంది, ఎరుపు నలుపు, పన్నెండు వేలు పెట్టి తెప్పించాడు. నాలుగు రోజులు వాళ్లింట్లో ఉండి దాని మీదే పని చేశాను. దాని రూపం రేసు కారు సీటు నుంచి వచ్చింది. కారు మలుపు తిరిగినప్పుడు డ్రైవరు పక్కకు జారకుండా పట్టుకోవడానికే ఆ రెండు పక్కల రెక్కలు. ఇంట్లో టేబుల్ ముందు ఏ మలుపు ఉంది? నా భుజాలను ఆ రెక్కలు ముందుకు నెట్టడం తప్ప వాటి వల్ల ఒరిగింది లేదు. నడుము దగ్గర బెల్టుతో కట్టిన దిండు లేచిన ప్రతిసారీ జారుతుంది. పైగా మళ్లీ రెగ్జినే. ఒక్క గుణం ఒప్పుకోవాలి: దాదాపు మంచంలా వెనక్కి వాలుతుంది. వాడు మధ్యాహ్నం అన్నం తిని దాని మీదే పడుకుంటాడు. "బావా, కుర్సీ ప్లస్ మంచం, లెక్క వేసుకో" అంటాడు. ఆ లెక్కలో తప్పు లేదు, కానీ నాకు కావలసింది కుర్చీ.

మిగిలింది మెష్, అంటే జాలీ కుర్చీ. అసలు పోటీ దీనికీ, వాడేసిన ఆఫీసు కుర్చీకీ మధ్యే.

జాలీ వీపును ప్రపంచానికి అలవాటు చేసింది 1994లో హెర్మన్ మిల్లర్ అనే అమెరికా కంపెనీ తెచ్చిన ఏరాన్ కుర్చీ. బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ దాన్ని రూపొందించారు. ఫోమును తీసేసి వీపుకూ సీటుకూ జాలీయే బిగించారు, ఒంటి వేడి నిలవకుండా. అమెరికా ఆఫీసుల కోసం చేసిన ఆ ఆలోచన మన వేసవికే ఎక్కువ పనికొస్తుంది. కూలర్‌ను వెనక పక్కగా పెట్టుకుంటే గాలి నేరుగా వీపుకు తగులుతుంది. రెగ్జిన్ కుర్చీలో అదే గాలి కుర్చీ వెనకకు తగిలి ఆగిపోయేది.

కొత్త జాలీ కుర్చీలు నేను అడిగిన చోట్ల నాలుగు వేల నుంచి పదిహేను వేల దాకా చెప్పారు. నాలుగైదు వేల వాటిలో వీపు మాత్రమే జాలీ, సీటు పలచటి ఫోము. బొటనవేలితో గట్టిగా నొక్కితే కింద చెక్క తగిలిందంటే ఆ సీటు ఏడాదిలో చదును అయిపోతుంది. చేతులు కదలవు, టేబుల్ అంచుకు తగిలి కుర్చీ లోపలికి పోదు, మనం మళ్లీ ముందుకు వంగుతాం. అట్లాంటిది కొంటే ఆ చేతులు విప్పేసి వాడుకోవడం నయం. పదివేలు దాటితే చేతులు పైకి కిందికి కదులుతాయి, నడుము ఆనుడు జరుగుతుంది, వాలు బిగువు మార్చుకోవచ్చు.

ఈ వాలు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్‌సన్ అనే ఎముకల డాక్టరు 1960లలో వెన్నుపూసల మధ్య డిస్కుల్లోకి సూది దించి ఒత్తిడి కొలిచాడు. ఆనుడు లేకుండా ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఆ ఒత్తిడి నిలబడినప్పటి కన్నా ఎక్కువని చూపాడు. తర్వాత కొలిచినవాళ్లకు అంకెలు కొంత తేడాగా వచ్చినా, వెనక్కి కొద్దిగా వాలి వీపు ఆనిస్తే నడుముకు తేలిక అన్నది నిలిచింది. నిటారుగా కర్రలా కూర్చోమని బడిలో పంతులు చెప్పిన మాట కన్నా, సీటుకూ ఆనుడుకూ మధ్య వంద నూట పది డిగ్రీల వాలు, అటూ ఇటూ కదలనిచ్చే కుర్చీ మేలు. ఆనుడు వెనక్కి వాలకుండా బిగించే తాళం నేను ఎప్పుడూ వేయను.

చివరికి నేను కొన్నది కొత్తది కాదు. హైదరాబాద్‌లో కంపెనీలు ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు పాత ఫర్నిచర్ మొత్తంగా కొని అమ్మేవాళ్లు ఉన్నారు. కొత్తగా ఇరవై వేలకు పైన ఉండే కుర్చీ అక్కడ ఐదున్నర వేలకు వచ్చింది. ఆఫీసు కోసం చేసిన కుర్చీని ఎనిమిది గంటలు, రకరకాల మనుషులు కూర్చుంటారని తెలిసే చేస్తారు. దాని బరువు ఎత్తి చూస్తేనే తేడా తెలుస్తుంది. వారంటీ ఉండదు, గుడ్డ మీద ఎవరిదో టీ మరక ఉంటుంది, వాపస్ అనే మాటే లేదు. ఆ టీ మరక నాకు పెద్ద బాధ అనిపించలేదు.

కొనేటప్పుడు నేను చూసింది ఇంతే. సీటు పూర్తిగా పైకి లేపి పది నిమిషాలు కూర్చున్నాను, ఇంచి కూడా దిగలేదు. దిగితే సీటును పైకి లేపే సిలిండర్ లీకు అన్నమాట. అందులో ఉండేది ఒత్తిడితో నింపిన నైట్రోజన్, మళ్లీ నింపేది కాదు, సిలిండరే మార్చాలి. మార్చడం పెద్ద పని కాదు, ఎక్కువ కుర్చీలకు ఒకే కొలత సరిపోతుంది కాబట్టి ధర తగ్గించమని అడగడానికి అదొక సాకు. తర్వాత కుర్చీ తిరగేసి ఐదు కాళ్ల అడుగున పగుళ్లు ఉన్నాయేమో చూశాను. వాలు మీట మూడుసార్లు వేసి తీశాను. నల్లగొండకు ఆర్టీసీ కార్గోలో వేశాను, మరునాడు బస్టాండ్‌లో తీసుకున్నాను.

ఊళ్లో షాపులో కొనడంలోనూ ఒక సుఖం ఉంది. చెడితే పోయి అడగవచ్చు, కూర్చుని చూసి కొనవచ్చు. ఆన్‌లైన్‌లో మాత్రం నాకు ఒకసారి చేదు అనుభవమే. పెద్ద అట్టపెట్టెలో ముక్కలుగా వచ్చింది, ఒక బోల్టు మర తిరగలేదు. వాపస్ తీసుకోవడానికి మనిషి రెండు వారాలు రాలేదు. కంప్యూటర్ కుర్చీ లాంటి బరువు వస్తువును మన దాకా తేవడం సులభమే, తిరిగి పంపడమే కష్టం. హైదరాబాద్ పోలేనివాళ్లు, వారంటీ కావాలనుకునేవాళ్లు ఊళ్లోనే పదివేల జాలీ కుర్చీ తీసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు.

ఒక మాట మధ్యలో. మా జిల్లాలో నడుము పట్టేసిందంటే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది కుర్చీ కాదు, ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాం. కుర్చీ మార్చి నెలలు గడిచినా పొద్దున లేవగానే వెన్ను బిగుసుకుపోతుంటే, కాళ్లలోకి నొప్పి పాకుతుంటే ఇంకో కుర్చీ వెతకకండి, డాక్టరు దగ్గరికి పోండి.

బండల సందు సమస్య అలాగే మిగిలింది. కుర్చీతో వచ్చే గట్టి నైలాన్ చక్రాలు కార్పెట్ మీదికి. మన గట్టి నేలకు మెత్తటి పాలియురేథేన్ చక్రాలు కావాలి, గీతలు పడవు, చప్పుడు తక్కువ. అవి మార్చినా సందులో దిగడం ఆగలేదు. చివరికి నాలుగడుగుల చదరపు ప్లైవుడ్ ముక్క తెచ్చి, పైన వినైల్ మ్యాట్ అంటించి కుర్చీ కింద వేశాను. ఇప్పుడు ప్రింటర్ దాకా హాయిగా జరుగుతుంది.

సర్కస్ అన్న అమ్మే ఇప్పుడు మధ్యాహ్నం నేను తినడానికి లేవగానే దాని మీద కూర్చుని మా అక్కకు ఫోన్ చేస్తుంది. కాళ్లు అందవని మీట నొక్కి పూర్తిగా కిందికి దించేస్తుంది. రెండున్నర మీటింగ్‌కు వచ్చి కూర్చుంటే గడ్డం టేబుల్ దగ్గర ఉంటుంది. పంతొమ్మిది అంగుళాల దగ్గర సిలిండర్ మీద మార్కర్‌తో గీత పెట్టుకున్నాను.