84 స్కీకి 80 క్రాంపాన్: యామ్‌టాల్‌లో మా మూడు రోజులు

స్కీ సామాన్లు అద్దెకిచ్చిన కొట్టువాడి మీద కోపం ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

మార్చి చివర్లో నేనూ మా బావమరిదీ మ్యూనిక్ నుంచి రైల్లో లాండెక్, అక్కడ బస్సెక్కి ఆస్ట్రియాలోని గాల్ట్యూర్ చేరాం. 1999 ఫిబ్రవరి 23న హిమపాతం విరుచుకుపడి 31 మందిని పొట్టన పెట్టుకున్న ఊరు ఇదే. అక్కణ్ణుంచి యామ్‌టాల్ లోయ వెంట స్కీల మీదే పది కిలోమీటర్లు ఎక్కితే 2165 మీటర్ల ఎత్తున యామ్‌టాల్‌హ్యుట్టె అనే కొండ బస. ఎండ కాసింది, హాయిగా వెళ్ళిపోయాం. రాత్రి జున్ను ఉండ వేసిన వేడి సూప్ తాగి మావాడు ఇంకో గిన్నె అడిగాడు. ఆల్పైన్ క్లబ్ (పర్వతారోహకుల సంఘం) సభ్యులకు పడక తక్కువకు వస్తుంది, కార్డు మర్చిపోకండి.

మర్నాడు 3156 మీటర్ల హింటెరె యామ్‌ష్పిట్జె శిఖరానికి తెల్లవారుజామునే బయల్దేరాం. ఆ నెలలో పగలు కరిగిన మంచు రాత్రికి గాజులా గడ్డకడుతుంది. మధ్యాహ్నానికి మెత్తబడి జారే భయం ఉంటుంది కాబట్టి పొద్దున్నే ఎక్కాలి. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే స్కిన్లు ఆ గట్టి మంచు మీద పట్టవు. అక్కడే క్రాంపాన్లు, అంటే స్కీకి తొడిగే లోహపు పళ్ళ పట్టీలు, కావాలి.

నావి సొంతవి. మావాడు మూడు రోజులకు స్కీలు, బూట్లు, స్కిన్లు కలిపి 126 యూరోలు, క్రాంపాన్లకు విడిగా 24 కట్టాడు. నిటారు వాలు మధ్యలో నించుని తొడగబోతే అవి స్కీ మీద కూర్చోవే! స్కీ నడుము (మధ్య భాగం) వెడల్పు 84 మిల్లీమీటర్లు, కొట్టువాడు ఇచ్చినవి 80. "బావా, ఇవి పట్టడం లేదు" అంటూనే కాలు జారి ఇరవై మీటర్లు కిందికి పోయాడు. దెబ్బలేమీ తగల్లేదు గానీ మొహం పాలిపోయింది. నేను మారు మాట్లాడకుండా వెనక్కి తిప్పాను. మధ్యాహ్నం దాకా వాడు నోరు విప్పలేదు.

సాయంత్రం పక్క బల్ల దగ్గరున్న ఇన్స్‌బ్రుక్ పెద్దాయన సంగతి విని, మర్నాడు విశ్రాంతి తీసుకుంటున్న తన భార్య క్రాంపాన్లు తెచ్చిచ్చాడు. 90 మిల్లీమీటర్లవి, చక్కగా కూర్చున్నాయి. వాలు మొదలవక ముందే చదునైన చోట తొడుక్కోమన్నాడు. నిటారుగా ఎక్కేటప్పుడు బూటు మడమ కింద లేపి పెట్టుకునే ఎత్తు మెట్టు వాడొద్దన్నాడు. ఈ రకం క్రాంపాన్లు బూటుతో పాటే లేచి దిగుతాయి, మడమ ఎత్తుగా ఉంటే పళ్ళు మంచులోకి సగమే దిగుతాయట. స్కీని అంచు మీద వాల్చకుండా పరిచినట్టు వెయ్యమన్నాడు, అప్పుడు స్కిన్ కూడా పడుతుంది. మూడేళ్ళుగా నేను ఎత్తు మెట్టు పెట్టే ఎక్కుతున్నాను! మర్నాడు అదే వాలు మీద పళ్ళు కరకరమని దిగుతుంటే మావాడు నాకంటే ముందు నడిచాడు, శిఖరం మీద ఫోటోలు కూడా వాడే తీశాడు.

పెద్దాయన డబ్బు పుచ్చుకోలేదు, ఆయనకూ భార్యకూ టీ మాత్రం ఇప్పించనిచ్చాడు.

తిరిగొచ్చి ఆ 24 యూరోలు అడిగితే "మీరే చూసుకోవాల్సింది" అన్నాడు కొట్టువాడు. స్కీ ఇచ్చిందీ క్రాంపాన్ ఇచ్చిందీ అతనే కదా! కాబట్టి అద్దెకు తీసుకుంటే బల్ల మీదే మీ స్కీకి తొడిగి చూడండి, నడుము వెడల్పు కంటే నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువున్నదే తీసుకోండి, బూటును స్కీకి పట్టి ఉంచే మీ బైండింగ్ గాడిలోకి దిగుతుందో లేదో కూడా చూడండి. మావాడు మర్నాడే వేరే కొట్లో 69 యూరోలు పెట్టి సొంతవి కొనేశాడు.