ఒకే డాక్టరు, రెండు ఓటింగులు

అమెరికా సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్యంపై దేశానికి సలహా చెప్పే ప్రభుత్వ డాక్టరు, పదవికి వివేక్ మూర్తి రెండుసార్లు సెనేట్ గడప ఎక్కారు. మనిషి ఒకరే, అనుభవాలు మాత్రం వేరు.

మొదటిసారి 2013 నవంబర్‌లో ఒబామా ఆయన పేరు ప్రతిపాదించారు. అంతకు ఏడాది ముందు మూర్తి పెట్టిన ఒక ట్వీట్‌ను ఎవరో తవ్వి తీశారు. తుపాకులు ఆరోగ్య సమస్యేనని, నాయకులు తుపాకీ యజమానుల సంఘమైన ఎన్‌ఆర్‌ఏకు భయపడుతున్నారని దాని సారాంశం. ఆ సంఘం గట్టిగా అడ్డు తిరిగింది. తుపాకుల నియంత్రణకు పదవిని వేదిక చేసుకోనని ఆయన సెనేటర్లకు చెప్పుకున్నా పని జరగలేదు. ఎబోలా భయం ఊపేస్తున్నప్పుడూ ఆ కుర్చీలో తాత్కాలిక అధికారే ఉన్నారు. చివరికి 2014 డిసెంబర్‌లో 51-43తో గట్టెక్కారు. ఒబామా సొంత పార్టీ డెమొక్రాట్లలోనే ముగ్గురు ఎదురు ఓటేశారు!

రెండోసారి బైడెన్ పిలిచారు. 2021 మార్చిలో 57-43. ఏడుగురు రిపబ్లికన్లు కలిశారు. కోవిడ్ కాలం కదా, డాక్టరు అవసరం కళ్ల ముందే ఉంది.

అసలు తేడా ఓట్లలో కన్నా నోటిలో ఉందనిపిస్తుంది నాకు. మొదటి దఫా ఇచ్చిన మాట ఆయన్ను కట్టేసింది. రెండో దఫాలో, 2024 జూన్‌లో, తుపాకీ హింసను ప్రజారోగ్య సంక్షోభంగా ప్రకటిస్తూ అడ్వైజరీ, అంటే ప్రజలకు అధికారిక హెచ్చరిక, ఇచ్చారు. చట్టం చేసే అధికారం ఆ కుర్చీకి ఎలాగూ లేదు, ఉన్నదల్లా గొంతే. ట్రంప్ తిరిగొచ్చాక, 2025లో ఆ అడ్వైజరీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోంచి మాయమైంది.