సైకిలు ట్రాలీ లింకు: సీటు పైపుకా, వెనక ఇరుసుకా? ఏది మేలు?

రెండు చక్రాల ట్రాలీని సైకిలుకు తగిలించేటప్పుడు చాలామంది చూపు మొదట వెనక క్యారియర్ మీద పడుతుంది. అది వద్దు. క్యారియర్ చేసింది పైనుంచి పడే బరువు కోసం. వెనక్కి లాగితే దాని సన్నటి కాళ్లు వంగి, మడ్‌గార్డు టైరుకు రాసుకుంటుంది. ఇక మిగిలేవి రెండే చోట్లు.

సీటు పైపుకు బిగించడం తేలిక. ఒక క్లాంపు, చక్రం మీదుగా వంగి దిగే ఒక పైపు ఉంటే చాలు. లాగుడు సరిగ్గా మధ్యలో ఉంటుంది, వేరే సైకిలుకు మార్చుకోనూ వచ్చు. చిక్కంతా ఎత్తుతోనే. బ్రేకు వేయగానే ట్రాలీ ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడు అంత పైన తగిలితే వెనక చక్రం మీద బరువు తగ్గి జారుతుంది, మలుపులో అయితే సైకిలే పక్కకు ఒరుగుతుంది. లేచి నిలబడి తొక్కితే సైకిలు ఊగినప్పుడల్లా ట్రాలీ ముక్కు కూడా ఊగుతుంది. పైగా మన మామూలు సైకిళ్లకు క్యారియర్ అడ్డం. 15 కిలోల లోపు సరుకుకైతే సరే.

నలభై కిలోల కూరగాయలో, నీళ్ల క్యాన్లో లాగాలంటే ఇరుసే మేలు. చైన్ కుడివైపు కాబట్టి లింకు ఎడమవైపు. 5 మి.మీ. మందం ఇనుప పట్టీకి 10 మి.మీ. బెజ్జం వేసి ఇరుసు నట్టు కింద కూర్చోబెట్టాలి. అక్కడ అప్పటికే స్టాండు కాలు, క్యారియర్ కాలు, మడ్‌గార్డు కమ్మీ ఉంటాయి. పట్టీ కూడా చేరితే మరలు చాలవు. ఇరుసు కొన నట్టు బయటికి కనబడకపోతే పొడుగు ఇరుసు వేయించాల్సిందే. సగం మరల మీద నట్టు నిలవదు. పట్టీ గిర్రున తిరిగితే నట్టు వదులవుతుంది. అందుకే దాని ముందు కొనను ఇరుసు నుంచి పెడళ్ల వైపు వెళ్లే ఎడమ ఫ్రేము పైపుకు యూ-క్లాంపుతో కట్టాలి.

ఈ పట్టీకీ ట్రాలీ లాగుడు రాడ్డుకీ మధ్య జాయింట్ మూడు రకాలుగా కదలాలి: మలుపుకు పక్కకి, గుంతకు పైకీ కిందికీ, సైకిలు ఒరిగినప్పుడు మెలితిరగడానికి. మూడోది మరిచిపోతే సైకిలు పడిన రోజున పట్టీ వంగుతుంది. రాడ్-ఎండ్ బేరింగ్ (కడ్డీ కొన కన్నంలో బంతిలా తిరిగే జాయింట్) బలమైనదే. కానీ బోల్టు నిలువుగా ఉంటే ఒరుగు పదిహేను డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. దానికి తోడుగా తిరిగే పిన్ను కావాలి. లోపల గుడ్డ పొర ఉన్న మందపాటి రబ్బరు గొట్టం ముక్క ఈ మూడు పనులూ చేస్తుంది, టకటకలాడదు కూడా. అటూ ఇటూ పైపులు నాలుగేసి సెంటీమీటర్లు లోపలికి పోవాలి, చెరో రెండు హోస్ క్లిప్పులు, మధ్యలో 2.5 సెం.మీ. ఖాళీ. ఖాళీ ఎక్కువైతే ట్రాలీ పాములా ఊగుతుంది, తక్కువైతే గొట్టం త్వరగా పగులుతుంది. వారానికోసారి వంచి చూడండి: వెంట్రుకంత చీలిక కనిపించినా మార్చేయాలి. ఏ జాయింట్ అయినా, అది తెగితే ట్రాలీ విడిపోకుండా పక్కనే ఫ్రేముకు కట్టిన బెల్టు తప్పనిసరి.

ఎడమవైపు లింకుకు ఒక లోపం ఉంది. కుడికి బాగా తిప్పితే లాగుడు రాడ్డు వెనక చక్రానికి తగులుతుంది. మన రోడ్ల మీద కుడి మలుపు పెద్దది కాబట్టి ఇబ్బంది యూ-టర్న్ దగ్గరే. రాడ్డును చక్రం దాటాక మాత్రమే మధ్యకు వంచితే చాలావరకు తీరుతుంది. స్టాండు పైకి మడిచి, ఖాళీ ట్రాలీతో పూర్తిగా కుడికి తిప్పి, తర్వాత సైకిలును నేల మీద పడుకోబెట్టి చూశాకే చివరి వెల్డింగ్ పెట్టించండి.