సల్ఫేటా, హైడ్రోక్లోరైడా?

మోకాళ్లలో గుజ్జు అరిగిందనగానే చాలామంది చేతికొచ్చేది గ్లూకోసమైన్ డబ్బా. ఇదొక అమైనో చక్కెర. మన ఒంట్లోనూ తయారవుతుంది. గుజ్జులో నీటిని పట్టి ఉంచే పొడవాటి గొలుసులకు ముడిసరుకు ఇదే. 1876లో జర్మన్ శాస్త్రవేత్త లెడర్‌హోజ్ దీన్ని కైటిన్ (పెంకులను గట్టిగా ఉంచే పదార్థం) నుంచి వేరు చేశాడు. ఇప్పటికీ ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచే తీస్తారు.

గ్లూకోసమైన్ సల్ఫేట్, హైడ్రోక్లోరైడ్ అనే రెండు రూపాల్లో దొరుకుతుంది. ఏదో తెలియాలంటే డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదవండి. హైడ్రోక్లోరైడ్ అయితే బరువులో దాదాపు 83 శాతం అసలు గ్లూకోసమైనే. సల్ఫేట్ సంగతి వేరు. గాలిలో తేమ పీల్చి పాడైపోతుంది కాబట్టి సోడియం క్లోరైడో, పొటాషియం క్లోరైడో కలిపి నిలబెడతారు. దాంతో అసలు సరుకు 60 శాతం దగ్గరికి దిగుతుంది. సోడియం క్లోరైడ్ అంటే మన వంటింటి ఉప్పే, బీపీ ఉన్నవాళ్లు చూసుకోవాలి.

లెక్క ప్రకారం హైడ్రోక్లోరైడే గెలవాలి కదా! కానీ 2001లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన మూడేళ్ల పరీక్షలో మెరుగు చూపింది రోజుకు 1500 మిల్లీగ్రాముల సల్ఫేట్. 2006లో అమెరికాలో 1583 మందిపై చేసిన గైట్ పరీక్షలో హైడ్రోక్లోరైడ్ మొత్తమ్మీద ఉత్తుత్తి మాత్రను మించలేదు. అయితే సల్ఫేట్ పరీక్షల్లో పేరున్నవాటి వెనక తయారీదారుల డబ్బుంది. అందుకే నాకు సల్ఫేట్ మీద కాస్త మొగ్గు ఉన్నా, పూర్తి నమ్మకం లేదు.

రక్తాన్ని పల్చబరిచే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా రెండింటిలో ఏదీ ముట్టుకోకూడదు. రక్తం మరీ పల్చబడే ప్రమాదముంది.