గాలుల గోపురం ఫోటోకి పటం కట్టించాను: కోఠి కొట్టు గురించి

కోఠిలో పాత పుస్తకాల షాపుల వెనక సందులో, బోర్డు మీద 'ఫోటో ఫ్రేములు' అని తప్ప ఇంకో ముక్క లేని చిన్న కొట్టు ఉంది. పాత ఫోటో ఏదైనా పటం కట్టించాలంటే కళ్ళు మూసుకుని అక్కడికే వెళ్ళండి. ఎందుకో చెప్తాను.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. గడియ అంటే 24 నిమిషాలనీ, చిల్లి ఉన్న గిన్నె నీళ్ళలో మునగడానికి పట్టే టైముతో గడియలు లెక్కపెట్టేవాళ్ళనీ, గడియారం అన్న మాటలో ఉన్నది ఆ గడియేననీ చెప్తే పిల్లలు చెవులు రిక్కించి వింటారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మని కూడా చూపించుకొచ్చాను. ఏథెన్స్‌లోని టవర్ ఆఫ్ ద విండ్స్, అదే గాలుల గోపురం, దాని ఫోటో కూడా క్లాసులో పెట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. రెండు వేల ఏళ్ళు దాటిన పాలరాతి కట్టడం, ఎనిమిది ముఖాలు, దాదాపు 12 మీటర్ల ఎత్తు. కట్టింది ఆండ్రోనికస్ అనే గ్రీకు ఖగోళ శాస్త్రవేత్త. గోడల మీద నీడ గడియారాలు, లోపల నీటి గడియారం ఉండేవి, అంటే మబ్బు పట్టినా రాత్రయినా టైము తెలిసేది. పైకప్పు మీద గాలి ఎటు వీస్తోందో చూపించే కంచు బొమ్మ కూడా ఉండేదట.

దొరికింది 19వ శతాబ్దపు తొలి ఫోటోల్లో ఒకటి, ఒక మ్యూజియం ఉచితంగా పెట్టిన స్కాన్. మొదట ఇంకోచోట ప్రింట్‌కి ఇచ్చాను. అక్కడి కుర్రాడు 'గీతలన్నీ తీసేశాను సార్, నీట్‌గా వచ్చింది' అన్నాడు. చూస్తే గుండె జారిపోయింది. ఆ గీతలే నీడ గడియారం! గోడ మీద చెక్కిన గంటల గీతల్ని మరకలనుకుని తుడిచేశాడు, పైగా తెల్లటి ఆకాశానికి నీలం పూశాడు. అప్పట్లో ఫోటో తీయడానికి కెమెరాలో పెట్టే ప్లేట్లకి నీలం వెలుగు మరీ ఎక్కువగా తగిలేది, అందుకే ఆ కాలం ఫోటోల్లో ఆకాశం వట్టి తెలుపుగా ఉంటుంది. అది తప్పేం కాదు, ఆ ఫోటో వయసు చెప్పే గుర్తు.

కోఠి కొట్టు పెద్దాయన మాత్రం ముందు ఫైలు పెద్దది చేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంగుళం అంగుళం చూపిస్తూ అడిగాడు, 'ఇది గోడ మీదిదా సార్, కాగితం మీదిదా?' అని. పైన గాలి దేవుళ్ళ బొమ్మల దగ్గర ఆగి, 'ఈయన శంఖం పట్టుకున్నాడే' అన్నాడు. అది ఉత్తర గాలి దేవుడు, బోరియాస్. నేను ఎన్నిసార్లు చూశానో, ఆయన చెప్పేదాకా ఆ శంఖం నా కంట్లో పడలేదు! నిజంగా మరక అయిన ఒక్క చోటే సరిచేశాడు, అదీ నన్ను అడిగాకే. సైజు కుదరడానికి పైభాగం కోయాల్సి వస్తుందేమో అని నాకు టెన్షన్, కోస్తే ఆ దేవుళ్ళ తలలే పోతాయి కదా. ఆయన కొయ్యలేదు, చుట్టూ తెల్ల మౌంట్ బోర్డు వెడల్పు పెంచి సర్దాడు.

సన్నటి టేకు బద్దలు, మూలలు వేలితో తడిమితే అతుకు తెలియదు. వెనక హార్డ్‌బోర్డు, అంచుల్లోకి దుమ్ము పోకుండా టేపు. ప్రింటుతో కలిపి 1,450 రూపాయలు తీసుకున్నాడు, ఆ పనికి ఎక్కువేం కాదు.

లోటు కూడా చెప్పాలి. నాలుగు రోజులన్నది తొమ్మిది రోజులైంది, ఫోన్ చేస్తే గానీ సంగతి చెప్పలేదు. మామూలు అద్దం వేశాడు, మా క్లాసులో మధ్యాహ్నం కిటికీ వెలుగు పడి బొమ్మ సగం కనపడదు, మెరవని అద్దం కావాలని ముందే అడగండి. బండి సందులోకి వెళ్ళదు, మెయిన్ రోడ్డు మీద పెట్టి నడవాలి. ఆదివారం మూసేస్తాడు.

వచ్చే నెల అదే ఫోటోకి చిన్న కాపీ ఒకటి మా ఇంటికి కట్టించుకుంటున్నా, ఆయన దగ్గరే.